మజ్మూన్ అంటే అర్జీ కాదు



మా పెద్దమ్మాయి బి.ఏ. రెండో సంవత్సరం చదువుతోంది, స్పెషల్ తెలుగు. ఈ ఏడాది వాళ్ల కాలేజీలో ఒక్కొక్కరికీ ఒక్కో టాపిక్ ఇచ్చి పది పేజీల వ్యాసం రాసుకు రమ్మన్నారు. గడువు ఆరు వారాలు. మా పిల్లకు వచ్చింది "తెలుగు కథల్లో ముస్లిం జీవితం". ఇస్తూ లెక్చరర్ గారు "నీకైతే సులువమ్మా, మీ ఇంటి సంగతేగా" అన్నారట. మంచి మనసుతోనే అని ఉంటారు. కానీ నాకు ఆ మాట రెండు రోజులు గొంతులో అడ్డం పడినట్టే ఉంది. తక్కిన పిల్లలకు సాహిత్యం అంటే చదివి తెలుసుకోవాల్సిన ఇల్మ్. మన పిల్లకు మాత్రం పుట్టుకతోనే వచ్చేసిందా? రెడ్ల పిల్లాడికి రెడ్ల కథల మీద వ్యాసం సులువని ఎవరైనా అంటారా?

ఖైర్. అసలు సంగతి, ఆ ఆరు వారాల్లో మా ఇంట్లో జరిగింది చెప్పాలనే ఇది రాస్తున్నా. ఒక విద్యార్థి వ్యాసం గురించి ఇంత రాయాలా అనుకుంటారేమో. నేనూ అట్లాగే అనుకున్నా మొదట.

మొదటి వారంలోనే పిల్ల నాలుగు పేజీలు రాసేసింది. సంతోషంగా తెచ్చి చూపించింది. గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా తెలుగు కవులను ఆదరించాడు, మల్కిభరాముడని పిలిపించుకున్నాడు. అద్దంకి గంగాధర కవి 'తపతీ సంవరణోపాఖ్యానం' ఆయనకే అంకితమిచ్చాడు. అచ్చ తెలుగులో మొదటి కావ్యం 'యయాతి చరిత్ర'ను పొన్నగంటి తెలగన అంకితమిచ్చింది అమీన్ ఖాన్‌కు. వీరబ్రహ్మం గారి శిష్యుడు దూదేకుల సిద్ధయ్య తత్వాలు చెప్పాడు. పిఠాపురం ఉమర్ అలీషా గారు ఉమర్ ఖయ్యాంను పారశీకం నుంచి తెలుగులోకి తెచ్చారు. అన్నీ నిజాలే. ఒక్కటీ తప్పు లేదు. మాషా అల్లాహ్ అనాల్సిందే.

కానీ చదువుతుంటే నాకు ఏదో తెలిసిన వాసన వచ్చింది. మన జల్సాల్లో, సావనీర్లలో, ఈద్ మిలాప్‌లలో మనం ఎప్పుడూ చదివే కాగితం అదే. తెలుగుకు ముస్లింల ఖిద్మత్. ఫలానా నవాబు ఇంత చేశాడు, ఫలానా సాయిబు అంత చేశాడు, కాబట్టి మమ్మల్ని కూడా మీవాళ్లుగా చూడండి. అది మజ్మూన్ కాదు, అర్జీ. కింద వేలిముద్ర వెయ్యడం ఒక్కటే తక్కువ.

"ఇందులో కథ ఏదే?" అన్నాను.

"ఏ కథ అమ్మీ?"

"నీ టాపిక్ కథలు కదా. ఒక్క కథన్నా చదివావా?"

చదవలేదు. కథల గురించి రాసిన నాలుగు ముక్కలు చదివింది. అంతే. పిల్లను ఏమనగలను? మడకశిరలో కూర్చుని కథల పుస్తకాలు ఎక్కడ వెతుకుతుంది? మాకు మూడు వైపులా కర్ణాటక. ఒకవైపు పావగడ, ఒకవైపు సిరా, ఇంకోవైపు మధుగిరి. అనంతపురం జిల్లాలో చివరి మూల అనిపించుకున్నాం ఇన్నాళ్లూ. 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరాం. మూల మాత్రం మూలగానే ఉంది. ఊళ్లో కన్నడం, తెలుగు, మన దక్కనీ మూడూ వినిపిస్తాయి. పుస్తకాల షాపుకు పోతే మాత్రం గైడ్లు దొరుకుతాయి.

రెండో వారంలో ఇంకో మజా జరిగింది. పిల్ల విసిగిపోయి ఫోన్‌ను అడిగింది. అది మూడు నిమిషాల్లో పది పేజీలు రాసిచ్చింది. అబ్బో, ఏం భాష! "అస్తిత్వ వేదన", "సాంస్కృతిక సమ్మేళనం"... ప్రతి పేరాలోనూ సమ్మేళనమే. అందులో ఒక కథల సంపుటి పేరు, ఏడాదితో సహా ఉంది. పిల్ల ఆ పుస్తకం కోసం రెండు రాత్రులు వెతికింది. ఎక్కడా దొరకలేదు. అలాంటి పుస్తకం ఒకటి వచ్చిన జాడే లేదు. ఆ రచయిత మాత్రం నిజంగా ఉన్నాడు. ఆయన రాయని పుస్తకాన్ని ఆయన నెత్తిన పెట్టింది ఫోను.

అప్పుడు దానికి ఒక మాట చెప్పాను. మీ ఇళ్లలో పిల్లలకు కూడా పనికొస్తుందేమో. తెలుగులో హవాలా అంటే అందరికీ దొంగడబ్బు గుర్తొస్తుంది. పేపర్లు అట్లా అలవాటు చేశాయి. మన ఉర్దూలో హవాలా అంటే ఆధారం. ఈ మాట ఎక్కడిది, ఎవరి దగ్గర విన్నావు, ఏ కితాబులో ఏ పేజీలో ఉంది అని చూపించడం. హవాలా దే కర్ బాత్ కర్ అని మా అబ్బాజాన్ ఊరికే పోట్లాడుతున్నప్పుడు కూడా అనేవారు. పరీక్షల కోసం కొత్తగా పుట్టిన పద్ధతి కాదిది. హదీస్ ఇల్మ్ నిలబడిందే సనద్ మీద. ఫలానా ఆయన నుంచి ఫలానా ఆయన, ఆయన నుంచి ఇంకొకాయన అని గొలుసు చెప్పకపోతే మాటకు విలువే లేదు. జాబిర్ బిన్ అబ్దుల్లా (రజి.) ఒకే ఒక్క హదీస్ కోసం నెల రోజుల ప్రయాణం చేసి అబ్దుల్లా బిన్ ఉనైస్ (రజి.) దగ్గరకు వెళ్లారని సహీ బుఖారీలో ఉంది. ఒక్క మాట కోసం నెల రోజులు! ఆ ఉమ్మత్ పిల్లలం మనం, లేని పుస్తకానికి హవాలా ఇస్తే ఎట్లా?

పిల్ల నవ్వింది. కానీ ఆ ఫోన్ పేజీలు తీసేసింది.

కథల వేట అప్పుడు మొదలైంది. వేట అంటే నిజంగా వేటే. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు గారు 1997లో పెట్టిన కథానిలయం ఉంది. తెలుగులో అచ్చయిన కథలన్నీ ఒక్కచోట చేర్చాలని ఆయన అందులో పెట్టుకున్నారు. అక్కడి పాత పత్రికల పేజీలు ఎన్నో ఇప్పుడు ఇంటర్నెట్‌లో చదువుకోవచ్చు. రాష్ట్రానికి ఆ చివర శ్రీకాకుళం, ఈ చివర మడకశిర. మధ్యలో ఒక పగిలిన ఫోన్ తెర. అల్హందులిల్లాహ్. కొన్ని పుస్తకాలు పోస్టులో తెప్పించాం. వాళ్ల అబ్బా పట్టుగూళ్లు హిందూపురం మార్కెట్టుకు వేసిన రోజు ఐదు వందలు ఇచ్చారు, "ఇవి పరీక్షకు వస్తాయా?" అని అడిగి మరీ. రావు. అయినా ఇచ్చారు. ఆయనకు అల్లాహ్ బర్కత్ ఇవ్వాలి.

కావలిలో పెరిగిన ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు' వచ్చింది. 1999 నాటి పుస్తకం. మన కడప జిల్లా వేంపల్లి షరీఫ్ 'జుమ్మా' వచ్చింది. ఆ పుస్తకానికే ఆయనకు 2012లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం ఇచ్చారు. స్కైబాబ 2004లో తెచ్చిన 'వతన్' సంకలనం ఒకరి దగ్గర అరువు దొరికింది, వారంలో తిరిగివ్వాలన్న షరతు మీద. వీటికి ముందు ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' 1991లో, 'జల్‌జలా' 1998లో వచ్చాయి. అవి కవిత్వం. పిల్ల టాపిక్ కథలు కాబట్టి పక్కన పెట్టమన్నా. వినలేదు, అవీ చదివింది.

ఆ వారం మా ఇంట్లో వంట ఆలస్యమే. పిల్ల చదువుతూ పక్కన గీతలు గీస్తోంది. ఏం గీస్తోందో చూద్దామని పోయాను. గొప్ప వాక్యాలు గీయట్లేదు. పదాలు గీస్తోంది. అబ్బా, అమ్మీ, దస్తర్‌ఖాన్, ఫాతెహా, జా నమాజ్... "అమ్మీ, ఇవి పుస్తకంలో ఉన్నాయి చూడు" అంటోంది. ఇంట్లో రోజూ అనే మాటలే. కానీ ఇన్నేళ్ల తెలుగు వాచకాల్లో దానికి అవి ఎన్నడూ కనబడలేదు. పాత కథల్లో, సినిమాల్లో దానికి తెలిసిన సాయిబు ఎట్లా మాట్లాడతాడంటే "నీకీ, నాకీ" అని, వచ్చీరాని తెలుగుతో. జట్కా బండో, అత్తరు బుడ్డో పట్టుకుని. ఆ తెలుగు మా మడకశిరలో ఏ సాయిబూ మాట్లాడడు. ఇక్కడి సాయిబుకు మూడు భాషలు వచ్చు, మూడింట్లోనూ వడ్డీ లెక్క తప్పకుండా చెప్పగలడు. నూర్‌బాషా వాళ్ల ఇళ్లల్లోనైతే పుట్టిన దగ్గర్నుంచీ తెలుగే. అయినా కాగితం మీద మన జబాన్ వంకరగానే పడుతూ వచ్చింది. ఈ పుస్తకాలు వచ్చాకే సరిగ్గా పడింది. పిల్ల వ్యాసంలో ఆ భాగం బాగా రాసింది. దాని గురించి ఇక చెప్పను.

నేను చెప్పదలచుకున్నది నాలుగో వారం గురించి.

ఒక రాత్రి లేపి కూర్చోబెట్టింది. "అమ్మీ, నాకు ఒక విషయం దొరికింది. రాయాలా వద్దా?" అంది. ఏమిటంటే, తను చదివినంతలో ఇంటి కథ చెప్పేది ఎక్కువగా కొడుకు. దర్గామిట్టలో చెప్పేది పిల్లాడు. 'జుమ్మా' కథలో తల్లి భయం మనకు తెలిసేది కొడుకు నోట. 2007 మే 18 శుక్రవారం మక్కా మసీదులో జరిగిన పేలుడు నేపథ్యంగా ఉన్న కథ అది, చదివినవాళ్లకు ఆ తల్లి మరిచిపోయే మనిషి కాదు. "అమ్మలు అందరూ ఎంత బాగున్నారో అమ్మీ. నాకు ఏడుపొచ్చింది. కానీ అమ్మ సంగతి కొడుకే చెప్తున్నాడు. కూతురు ఎక్కడుంది?"

నాకు ఏం చెప్పాలో తోచలేదు. అది తన కాగితం నా చేతిలో పెట్టి పడుకుంది. అందులో ఒక వాక్యం ఉంది. ఈ కథల్లో అమ్మ వండుతుంది, భయపడుతుంది, దువా చేస్తుంది, చదవదు. అని.

నేను ఇంటర్‌తో ఆగిపోయినదాన్ని. నిఖా అయ్యి, ఇద్దరు పిల్లలు పుట్టాక అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ కట్టాను. ఈ రాతలు రాసేది కూడా అందరూ పడుకున్నాకే. ఆ వాక్యం మీద చాలాసేపు కూర్చున్నాను. కోపం వచ్చిందో, మరేం వచ్చిందో ఇప్పుడు చెప్పలేను.

పొద్దున లేచాక తల్లిగా కాదు, చదివేదానిగా ఒకే ప్రశ్న వేశాను. "అన్ని కథల్లోనూ నా? లెక్క పెట్టావా?" లెక్క పెట్టలేదు. వెళ్లి మళ్లీ మొదటి నుంచి తిరగేసింది. ఒక కాపీలో గీతలు గీసుకుని, కథ పేరు, చెప్పేది ఎవరు, అమ్మ ఏం చేస్తుంది అని రాసుకుంది. చివరికి "ఈ కథల్లో" పోయి "నేను చదివిన కథల్లో ఎక్కువ వాటిలో" అయింది. షాజహానా 'నఖాబ్' కవితలు చదివాక ఇంకొంచెం తగ్గింది. ముస్లిం స్త్రీ తన మాట తనే చెప్పుకోవడం తెలుగులో లేదని అనడానికి వీల్లేదు, ఉంది, కవిత్వంలో గట్టిగానే ఉంది, కథలో ఇంకా రావాల్సింది చాలా ఉంది అని మార్చింది. తన వాక్యం చిన్నదైపోయిందని పిల్ల దిగులు పడింది. నాకు మాత్రం అప్పుడే వ్యాసం మొదలైనట్టు అనిపించింది. మొదటి వాక్యంలో ఆవేశం ఉంది. రెండో దాంట్లో ఇన్సాఫ్ ఉంది. ఖదీర్‌బాబుకు, షరీఫ్‌కు కూడా ఇన్సాఫ్ కావాలి కదా. వాళ్లు తమ అమ్మలను అంత ముహబ్బత్‌తో రాయబట్టే కదా, ఈ పిల్లకు కూతురు ఎక్కడ అని అడగాలని తట్టింది!

ఇంట్లో గొడవ వచ్చింది దీని తర్వాతే. వాళ్ల అబ్బాకు సంగతి తెలిసింది. ఆయన చెడ్డవారు కాదు, మీరు ఇంకోలా అనుకోవద్దు. ఆయన అన్నది ఇది: "అసలే మన మీద పేపర్లలో, టీవీల్లో రోజుకో మాట. ఇప్పుడు మన పిల్లే కాలేజీలో మన ఇళ్లల్లో ఆడవాళ్లకు మాట లేదని రాసిస్తే, చదివేది ఎవరు? వాళ్లు నవ్వుకోరా? బద్నామీ మనకే కదా."

నిజం చెప్పాలంటే మొదట నేను ఆయన వైపే ఉన్నాను. ఆ భయం అబద్ధం కాదు. మన ఇంటి మాట బయటికి వెళ్తే అది మాటగా ఉండదు, సాక్ష్యమైపోతుంది. ఒక కమ్మవారి పిల్ల తమ ఇంట్లో ఆడవాళ్ల గురించి రాస్తే అది ఆ ఇంటి కథ. మన పిల్ల రాస్తే అది ఖౌమ్ మొత్తం మీద రిపోర్టు. కానీ ఆలోచించి చూస్తే ఆ మొదటి నాలుగు పేజీల అర్జీ కూడా ఈ భయం నుంచి పుట్టిందే. బయటివాళ్లు ఏమనుకుంటారో అని గొప్పలే రాయడం, బయటివాళ్లు ఏమనుకుంటారో అని లోపాలు దాచడం, రెండూ ఒకరి కోసమే రాయడం. ఆ ఒకరు మన ఇంట్లో లేరు. మన పిల్లలు ఎప్పటికీ వాళ్లకే జవాబు రాస్తూ కూర్చుంటే, మన గురించి మనం అడుక్కోవాల్సిన ప్రశ్నలు ఎవరు అడుగుతారు?

ఆయనతో వాదించి గెలిచానని చెప్పను. పిల్లే ఒక పని చేసింది. నానీ దగ్గరకు పోయి కూర్చుంది.

మా అమ్మకు డెబ్బై ఎనిమిది దాటాయి. తెలుగు మాట్లాడుతుంది, చదవదు. ఖురాన్ చదువుతుంది. పిల్ల పోయి "నానీ, నీ అమ్మ గురించి చెప్పమంటే ఏం చెప్తావు?" అంది. "కైకూ గే?" అంది మా అమ్మ, అనుమానంగా. తర్వాత చెప్పింది. నేనూ అప్పుడే విన్నా, ఇన్నేళ్లలో మొదటిసారి.

అమ్మకు ఆరేడేళ్లప్పుడు పెద్ద కరువు. బావులు ఎండిపోయి, గొడ్లను అమ్ముకుని, ఊరూరా గంజి కేంద్రాలు పెట్టిన కరువు. మా అవ్వ ఇల్లు దాటి బయటికి వచ్చే మనిషి కాదు. చాదర్ కప్పుకుని వచ్చినా ఊరి మగవాళ్ల ముందు చెంబు పట్టుకుని వరుసలో నిలబడడానికి ఆమెకు షర్మ్. భర్త పని వెతుక్కుంటూ సిరా వైపు పోయాడు. అందుకని చెంబు కూతురికి ఇచ్చి పంపేది. కూతురు గంజి తెచ్చేది. దారిలో తాగొద్దని చెప్పేది. "మై పీతీ థీ," అంది మా అమ్మ. కొంచెం తాగేదాన్ని. డెబ్బై ఏళ్ల తర్వాత తౌబా చేస్తున్నట్టు చెప్పింది. అమ్మకు తెలుసో తెలియదో, ఎప్పుడూ అడగలేదు. తను తెచ్చిన చెంబులో అమ్మ తన వాటా తాగేదా లేదా అన్నది కూడా తను చూడలేదు.

పిల్ల ఆ రాత్రి ఆ కరువు ఏ సంవత్సరమో వెతికింది. అమ్మ వయసుతో లెక్క కట్టింది. 1952 నాటి రాయలసీమ కరువు, గంజి కేంద్రాల మాట పుస్తకాల్లో దొరికింది. సీమ కరువు మీద విద్వాన్ విశ్వం గారి 'పెన్నేటి పాట' ఉందని తెలిసి అదీ తెప్పించమంది. అనంతపురం నేల నుంచి వచ్చిన కావ్యం, మన పిల్లలు తప్పక చదవాలి.

సరే, నానీ మాట సాహిత్య వ్యాసంలో పెట్టొచ్చా? అది కథ కాదు, అచ్చు కాలేదు. లెక్చరర్ గారిని అడిగితే టాపిక్ దాటి పోవద్దన్నారు. ఆయన మాట సబబే. అందుకని పిల్ల వ్యాసం మధ్యలో పెట్టలేదు. చివర ఒక పేరా రాసింది, తెలుగు కథ ఇంకా వినాల్సిన కూతుళ్లు ఎవరో చెప్తూ. కింద హవాలా ఇచ్చింది. నానీ పేరు, వయసు, మడకశిర, తారీఖు. షరీఫ్, ఖదీర్‌బాబు పేర్లు ఏ వరుసలో ఉన్నాయో ఆ వరుసలోనే. వాళ్ల అబ్బా అది చదివి ఏమీ అనలేదు. పేజీలు బైండింగ్ చేయించడానికి తనే తీసుకుపోయారు.

మా అమ్మకు తన పేరు ఎక్కడుందో చూపించమంటే చూపించింది. "ఇత్తా ఛోటా?" అంది.

ఇరవైకి పద్నాలుగు మార్కులు వచ్చాయి. భాషలో ఉర్దూ పదాలు ఎక్కువయ్యాయని ఎర్ర సిరాతో రాశారు. చివరి పేరా పక్కన మాత్రం ఒక ప్రశ్నార్థకం గుర్తు ఉంది, దానికి ఏమీ రాయలేదు. పిల్ల ఆ గుర్తుకు అర్థం ఏమిటని ఇప్పటికీ బాధపడుతోంది.

మన ఇళ్లలో పిల్లలు డాక్టరీకి, ఇంజినీరింగ్‌కు పోతే కోచింగ్‌కు లక్షలు అప్పు చేస్తాం. తప్పు లేదు. సాహిత్యం తీసుకున్న పిల్లకు మూడు కథల పుస్తకాలు కొనమంటే పరీక్షకు వస్తాయా అని అడుగుతాం. పిల్ల లైబ్రరీకి అనంతపురం పోతానంటే, పొద్దున పోయి సాయంత్రం వచ్చే బస్సు ఉన్నా, తోడు ఎవరని అడుగుతాం. పిల్లాడైతే అడగం. ఇంట్లో ముసలివాళ్లను ప్రశ్నలు అడిగితే పనికిరాని మాటలంటాం. ఇవన్నీ నేనూ చేశాను, ఎవరినో అంటున్నానని అనుకోకండి. పోయిన జనవరి వరకు మా అమ్మ గంజి చెంబు సంగతి నాకే తెలియదు. నేనెప్పుడూ అడగలేదు. అడగడానికి నాకో వ్యాసం లేదు.

ఇప్పుడు ఇంకో తంటా వచ్చింది. మూడో సంవత్సరం ప్రాజెక్టుకు పిల్ల పీర్ల పండుగ పాటలు తీసుకుంటానంటోంది. నార్పల దగ్గర గూగూడు కుళ్లాయిస్వామి మీద అఫ్సర్ గారు ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాశారు, 2013లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు వేశారు. అది చదివి దీనికి ధైర్యం వచ్చింది. ముందు పెనుకొండ బాబయ్య దర్గా దగ్గర వయసు మళ్లిన వాళ్లతో మాట్లాడాలట, తర్వాత మొహర్రంకు గూగూడు పోవాలట. పీర్లు, అలావా, ఇవన్నీ దీన్‌లో ఎక్కడున్నాయని మా తమ్ముడు అప్పుడే మొదలుపెట్టాడు. ఆ బహస్ వేరే రాస్తాను. వాళ్ల అబ్బా మాత్రం నేను తోడు పోతే సరే అన్నారు.

పోతున్నాను. జుమేరాత్ పొద్దున పెనుకొండ బస్సు.